గుర్తు పెట్టని లెన్సులు

జూన్ 2

ముందుగా నా చేతిరాతకు క్షమించాలి. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు పడాల్సిన చోట పడవు. ఊరి బడిలో నేర్చుకున్న చదువు ఇది, ఆ తరువాత దానితో పెద్దగా పని పడలేదు. క్షమించమని ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు. దీన్ని ఎవరూ చదవరు, చదవకూడదు కూడా. అయినా ఏమీ అనకుండా మొదలుపెడితే తలుపు తట్టకుండా ఇంట్లోకి వచ్చినట్టుంది.

రాయడానికి కారణం ఒక్కటే. ఒక మాట ఉంది, బయటికి అనలేను. మా ఆవిడతో అంటే టీ చల్లారేలోపు వాళ్ళ అన్నయ్యకు చేరిపోతుంది. ఆ మాట ఆయన గురించే.

బావ తీసే ఫోటోలు పాడవుతున్నాయి.

జూన్ 3

నిన్న అక్కడ ఆపేశాను, కలం కదలలేదు.

కనిపెట్టింది మా కోడలు. స్టూడియోలో కంప్యూటరు పనంతా తనదే. "మావయ్యగారూ, ఒకసారి ఇటు రండి" అని పిలిచింది. గొంతు తగ్గించి పిలిచింది కాబట్టి మంచి కబురు కాదని అర్థమైంది. తెర మీద బావ తీసిన పసిపాప ఫోటో ఉంది. దాన్ని పెద్దది చేసింది. చెవి మీది నూగు కూడా ఒక్కొక్కటిగా కనబడుతోంది. కళ్ళు మాత్రం ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టున్నాయి.

"కంటి మీద పడాల్సిన ఫోకస్ చెవి మీద పడింది" అన్నాను.

"ఇదొక్కటే అయితే మిమ్మల్ని పిలిచేదాన్ని కాదండీ. కొన్ని రోజులు అన్నీ ఇలాగే వస్తున్నాయి, కొన్ని రోజులు అన్నీ బాగుంటున్నాయి. పెద్దమావయ్యగారికి ఎలా చెప్పను?"

"చెప్పకు."

"ఆయనకి తెలిసే ఉంటుంది. నిన్న ఇక్కడికొచ్చి నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏమీ అనకుండా వెళ్ళిపోయారు."

బావ ఏమీ అనకుండా వెళ్ళాడంటే విషయం పెద్దదే. మా ఇద్దరిలో మాటలు ఆయనవి, దీపాలు నావి. స్టూడియో పెట్టిన రోజు నుంచీ అంతే. పసిపిల్లల్నీ కుటుంబాల్నీ ఆయన తీస్తాడు. లెన్సు పూర్తిగా తెరిచి తీస్తాడు, కళ్ళు మెరవాలి, వెనకనున్నదంతా పొగలా కరిగిపోవాలి. అలా తీసేటప్పుడు వెంట్రుకంత తేడా వచ్చినా దాచే చోటుండదు. నేను తీసేవి గుర్తింపు కార్డు ఫోటోలు. ముక్కు నుంచి వెనక గోడ దాకా అంతా స్పష్టంగా వచ్చేలా పెట్టి తీస్తాను. వచ్చినవాళ్ళు కూర్చుంటారు, గడ్డం కొంచెం పైకి అంటాను, అయిపోతుంది. మాట్లాడాల్సింది ఆ రెండు మూడు మాటలే.

నా ఫోటోలు బాగానే ఉన్నాయి.

జూన్ 5

బావ చెప్పేశాడు.

పొద్దున టీ తాగుతున్నాం. గ్లాసు లోపలికి చూస్తూ అన్నాడు. "బావా, ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఆ తరవాత కెమెరా సంగతి నువ్వే చూసుకో. నేను మేడ మీద కూర్చుని పేపరు చదువుకుంటా."

"ఎందుకు?"

"కళ్ళు. ఒకరోజు పనికొస్తాయి, ఒకరోజు సెలవు పెడతాయి. కొత్తల్లుడి లెక్కన బుద్ధి పుట్టినప్పుడు దయచేస్తున్నాయి."

మీ ఇంటి అల్లుణ్ణి నేనే కదా, ఒక్కరోజైనా సెలవు పెట్టానా అని అనాల్సింది. ఆ మాట నాకు మధ్యాహ్నం తట్టింది. అప్పటికి ఆయన మేడ మీదికి వెళ్ళిపోయాడు.

నాకేం ఇబ్బంది లేదు. ఒక్కణ్ణే చూసుకోగలను.

జూన్ 6

ఒక్కణ్ణే చూసుకోగలను. వచ్చినవాళ్ళతో మాట్లాడటం ఒక్కటే ఇబ్బంది.

జూన్ 8

వాన. గోడలు చెమర్చాయి. సాయంత్రం ఎప్పటిలాగే రెండు కెమెరాల నుంచీ లెన్సులు విప్పి తుడిచి, రేకు బీరువాలో పెట్టాం. లోపల చిన్న బల్బు వెలుగుతూ ఉంటుంది, చెమ్మ పట్టకుండా. పొద్దున ఎవరు ముందు వస్తే వాళ్ళు ఏదో ఒకటి తీసి బిగించుకుంటారు. రెండూ ఒకే రకం లెన్సులు, ఒకే రోజు కొన్నవి. కెమెరాలూ ఒకే రకం. బావ పొడగరి కాబట్టి ఆయన కెమెరా పట్టీ కాస్త వదులుగా ఉంటుంది, తెలిసేది దాన్ని బట్టే.

ఇవాళ కోడలు సొరుగుల మీద చీటీలు అంటించబోయింది. ఇది పెద్దమావయ్యగారి సొరుగు, ఇది మావయ్యగారి సొరుగు అని. బావ నవ్వుతూనే ఆ చీటీలు ఊడబెరికాడు.

"అమ్మా, ఈ షాపులో దేని మీదా పేరు రాయం."

"వెతుక్కోడానికి తేలిగ్గా ఉంటుందనండీ."

"వెతుక్కుందాం. ఎక్కడికి పోతాయి?"

ఆ అమ్మాయికి తెలియదు. బావ వాళ్ళ నాన్న పోయాక బావా, ఆయన అన్నా ఇల్లు పంచుకున్నారు. గిన్నెల అడుగున, కుర్చీల కింద, తలుపు రెక్కల మీద సుద్దముక్కతో గీతలు గీశారు. ఒక గీత ఉంటే అన్నది, రెండు గీతలుంటే తమ్ముడిది. గోడగడియారం మీద రెండు రకాల గీతలూ పడ్డాయి. ఆ తరువాత వాళ్ళు మాట్లాడుకోలేదు. మా ఆవిడ ఆ రోజు వంటింట్లో కూర్చుని, సుద్ద గీసిన చప్పుడు విన్నదట. పళ్ళు జివ్వుమన్నాయని ఇప్పటికీ అంటుంది. మేం స్టూడియో పెట్టినప్పుడు బావ అడిగింది ఒకే ఒక్కటి, ఇక్కడ దేనికీ గుర్తు ఉండకూడదని. సరేనన్నాను. నాకు అంతకంటే ఎక్కువ మాట్లాడటం అప్పుడూ రాదు.

జూన్ 9

కోడలు ఒక మాట అంది. రోజంతా అదే ఆలోచిస్తున్నాను.

"మావయ్యగారూ, కళ్ళ లోపమైతే రోజూ ఉండాలి కదండీ. పెద్దమావయ్యగారు చేసేది కెమెరాలో కనబడే ఫోకస్ చుక్కని కంటి మీద పెట్టి మీట నొక్కడం. ఫోకస్ కుదుర్చుకునేది కెమెరా. చుక్క కంటి మీదే ఉంది, నేను ప్రతి ఫోటోలో చూశాను. కెమెరాకీ లెన్సుకీ మధ్య కొంచెం తేడా వచ్చిందేమో."

"వస్తుందా?"

"కొత్తవాటికీ వస్తుంది. సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉంది. అది తేడా ఎంతో కొలిచి చెబుతుంది, ఆ అంకె కెమెరాలో పెట్టెయ్యడమే. పెద్దమావయ్యగారికి చెప్పి ఆదివారం చేద్దామా?"

"ఇప్పుడే చెప్పొద్దు. ఆదివారం మధ్యాహ్నం ఆయన పడుకుంటాడు."

ఆశపెట్టి, అది కాకపోతే బాధపడతాడని. అందుకే వద్దన్నాను. వేరే కారణం ఏమీ లేదు.

జూన్ 11, ఆదివారం

చాలా బాగా జరిగింది. వివరంగా రాస్తాను.

నలుపు తెలుపు గళ్ళున్న బొమ్మ ఒకటి కోడలు అచ్చువేసి తెచ్చింది. గోడకు అంటించాం. బావ కెమెరాను స్టాండు మీద బిగించి, ఆయన పిల్లల్ని కూర్చోబెట్టేంత దూరంలో నిలబెట్టాం. బొమ్మ కెమెరాకు ఎదురుగా, ఇటూ అటూ వాలకుండా ఉండాలి. నేను గోడకు తగిలించిన పటం ఏదీ నిటారుగా ఉండదని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. ఇవాళ మాత్రం కుదిరే దాకా వదల్లేదు. నా పెద్ద దీపాలు రెండూ వేశాను. కెమెరా నుంచి కంప్యూటరుకు తీగ కలిపింది కోడలు.

ఆ తరువాత పనంతా సాఫ్ట్‌వేర్‌దే. ఫోకస్‌ను కొంచెం ముందుకు జరుపుతుంది, ఒక ఫోటో తీస్తుంది. కొంచెం వెనక్కి జరుపుతుంది, ఇంకొకటి తీస్తుంది. బొమ్మ ఎంత పదునుగా వచ్చిందో చూసుకుని ప్రతిసారీ తెర మీద ఒక చుక్క పెడుతుంది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"కదలకండి మావయ్యగారూ. ఈ చెక్కనేల ఊగితే కెమెరా ఊగుతుంది."

"ఊపిరి తీసుకోవచ్చా?"

"మెల్లగా."

చుక్కలన్నీ కలిసి చిన్న గుట్టలా అయ్యాయి. ఆ గుట్ట కొన ఎక్కడుందో అదే సరైన చోటు. మైనస్ ఎనిమిది దగ్గర ఉంది. అంటే కెమెరా ఫోకస్ అంత వెనక్కి పోతోందన్నమాట, కంటి నుంచి చెవి దాకా. ఆ అంకెను కెమెరాలో పెట్టింది కోడలు. పిల్లల్ని ఆడించడానికి బావ ఉంచుకున్న గుడ్డ కుందేలును కూర్చోబెట్టి ఒక ఫోటో తీశాను. దాని గాజు కంటిలో నా దీపాలు రెండూ కనబడ్డాయి.

అంటే బావ కళ్ళకు ఏమీ కాలేదు.

అంతా ఎప్పటిలా సర్దేశాం. బొమ్మ చించేశాం. లెన్సు విప్పి, తుడిచి, బీరువాలో రెండో దాని పక్కన పెట్టాను. రేపు పొద్దున బావ తనంతట తానే చూసుకుంటాడు. నేనేమీ చెప్పక్కర్లేదు. అదీ బాగుంది.

జూన్ 12

బాగాలేదు.

బేకరీ ఆవిడ వచ్చింది, వాళ్ళ అమ్మనూ, నెలల వయసున్న తన మనవరాలినీ తీసుకుని. ముసలమ్మ ఒళ్ళో మునిమనవరాలు. బావ కుందేలుతో ఏదో కథ చెప్పాడు, ఆ ముసలమ్మే పిల్లకంటే ముందు నవ్వింది. మంచి ఫోటో పడిందని నాకు దీపాల దగ్గరి నుంచే తెలిసింది. వెళ్ళి తెర దగ్గర నిలబడ్డాను, సంతోషాన్ని దాచుకుంటూ.

ముసలమ్మ ముక్కు కొన మీద చిన్న మచ్చ ఉంది. అది అద్భుతంగా వచ్చింది. ఆమె కళ్ళు మసక. పిల్ల కళ్ళూ మసకే.

బావ మా వెనకే వచ్చి చూశాడు. "మొన్న చెవి, ఇవాళ ముక్కు. ఇంకో వారం ఆగితే మనిషికి ముందున్న గాలి మీద పడుతుంది" అన్నాడు. కోడలు నవ్వబోయి ఆగిపోయింది. ఆయన బేకరీ ఆవిడ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఇంకోసారి శ్రమపడి రావాలి. ఈసారి మా బావ తీస్తాడు, ఆయన చేయి నిలకడైన చేయి" అన్నాడు.

"మీరే తీయండి బాబూ, మా అమ్మ ఎవరు చెప్పినా నవ్వదు" అంది ఆవిడ.

"నా పని ఈ నెలతో సరి అమ్మా."

బయటివాళ్ళతో అనడం అదే మొదటిసారి.

జూన్ 13

కోడలు నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

జూన్ 14

దొరికింది. దొరికాక ఇంత చిన్నదా అనిపించింది.

"మొన్న పెద్దమావయ్యగారి కెమెరాకి ఏ లెన్సు ఉంది?" అని అడిగింది కోడలు.

"లెన్సే ఉంది."

"మనం ఆదివారం కొలిచిందా, రెండోదా?"

ఎవరికి తెలుసు? ఆ పొద్దున బావ ముందు వచ్చాడు, చేతికి అందింది తీసుకున్నాడు. కెమెరాకు లెన్సు రకం తెలుస్తుందిగానీ అది ఆ రకంలో ఏదో తెలియదు. ఆ రకం ఏది పెట్టినా మనం ఇచ్చిన అంకే వాడుకుంటుంది. మంచి లెన్సు పెట్టినా సరే, లేని జబ్బుకు మందు వేసినట్టు అంత ముందుకు లాగుతుంది.

అందుకే ఇన్నాళ్ళూ ఒకరోజు చెడింది, ఒకరోజు కుదిరింది. ఆయన కళ్ళు సెలవు పెట్టలేదు. మేం రోజూ సాయంత్రం బీరువాలో కలిపేస్తున్నాం, అంతే. నా చేతికి ఆ లెన్సు వచ్చిన రోజుల్లో కూడా తేడా ఉండే ఉంటుంది. నేను తీసేవాటిలో బయటపడదు. నా ఫోటోలు బాగానే ఉన్నాయని రాశాను పైన. కొట్టెయ్యను, ఉండనీ.

రెండు లెన్సుల్నీ పక్కపక్కన పెట్టి తిప్పి తిప్పి చూశాం. ఒక్క గీత తేడా లేదు. తుడవడంలో మేమిద్దరం అంత జాగ్రత్త.

"ఏదో ఒక గుర్తు పెట్టాలి మావయ్యగారూ" అంది. మళ్ళీ కొలిచి చూసి ఆ లెన్సు ఏదో తేల్చాం. తన సంచీలోంచి ఎర్ర గోళ్ళరంగు సీసా తీసిచ్చింది. నేనే పెట్టాను, అంచు మీద, చీమ తలంత చుక్క. బావ భోజనానికి మేడ మీదికి వెళ్ళినప్పుడు.

అంత చిన్న చుక్క ఎవరికి కనబడుతుంది.

జూన్ 15

కనబడింది.

లెన్సు చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కళ్ళు పోయాయంటున్న మనిషి చీమ తలంత చుక్కను చూశాడు.

"ఇదేంటి బావా?"

చెప్పాల్సింది చాలా ఉంది. మొదట ఏది చెప్పాలో తెలియలేదు. "గుర్తు" అన్నాను.

"ఎవరిది?"

"నాది" అన్నాను. నేను పెట్టానని నా ఉద్దేశం. ఆయన విన్నది వేరు. అది ఆయన ముఖంలో తెలిసింది.

బావ లెన్సును బల్ల మీద చాలా మెల్లగా పెట్టాడు. "నెలాఖరు దాకా ఆగుతావనుకున్నాను" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

జూన్ 16

పంపకాలు.

పొద్దున నేను వెళ్ళేసరికి బావ ఫోటోల్లో వెనక కట్టే గుడ్డ తెరలు మడతపెడుతున్నాడు. "నీలం నీకు. బూడిదరంగు నాకు. బూడిదరంగుది చిరిగింది, నాకు చాలు."

"బావా."

"ఎత్తు పీట నీకు. పొట్టి పీట నాకు. నాకు ఎలాగూ మోకాళ్ళ నొప్పులు, కూర్చుంటే లేవలేను, లేవాల్సిన పనీ లేదు."

"బావా, అది కాదు."

"కుందేలు నీకు. ఇక పిల్లల్ని నువ్వేగా నవ్వించాలి." కుందేలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను కుందేలును పట్టుకుని నిలబడ్డాను. గుర్తింపు కార్డు ఫోటోకు వచ్చిన ఒక బ్యాంకు ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

టీ కూడా విడిగా తాగాడు. సుద్దముక్క ఒక్కటే తక్కువ.

జూన్ 17

ఇవాళ ఒక పసివాణ్ణి తీశాను. బావ పరదా వెనక కూర్చుని పేపరు చదువుతున్నాడు, కావాలనే.

కుందేలును ఊపాను. పసివాడు నన్ను చూశాడు. ఇంకోసారి ఊపాను. మా బడిలో పంతులు, లెక్క తప్పు చేసినప్పుడు, అలాగే చూసేవాడు. పసివాడి తండ్రి, "ఏదైనా చప్పుడు చెయ్యండి" అన్నాడు. నాకు వచ్చిన చప్పుడు గొంతు సవరించుకోవడం ఒక్కటే. అది చేశాను. వాడి కింది పెదవి వణికింది.

అప్పుడు పరదా వెనక నుంచి దగ్గు వినబడింది. బావ దగ్గు, పెద్దది, చివర్లో ఈల ఉంటుంది. పసివాడు కిలకిలా నవ్వాడు. మీట నొక్కాను. దగ్గు ఆగింది, వాడు మూతి ముడిచాడు. మళ్ళీ దగ్గు. మళ్ళీ నవ్వు. పది నిమిషాలు దగ్గాడు బావ.

అంతా అయ్యాక మంచినీళ్ళ గ్లాసు తీసుకెళ్ళి పరదా వెనక పెట్టాను. తాగాడు, మళ్ళీ పేపరు పట్టుకున్నాడు.

నేను ఒక్కణ్ణే చూసుకోలేను. రాస్తే పెద్ద కష్టమేమీ అనిపించలేదు.

జూన్ 18, ఆదివారం

మా ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అయినా అన్నీ తెలుసు. పొద్దున్నే మొదలుపెట్టింది.

"మా అన్నయ్య దగ్గర లెన్సు లాక్కున్నారట."

"లాక్కోలేదు."

"చుక్క పెట్టారట."

"పెట్టాను."

"ఎందుకు పెట్టారో చెప్పారా?"

నేను చొక్కా గుండీలు చూసుకున్నాను.

"మీకు నోరు దేవుడిచ్చిందా, అరువు తెచ్చుకున్నదా? అరిగిపోతుందని భయమా? వెళ్ళండి. చెప్పి రండి. చెప్పకుండా వస్తే అన్నం గిన్నె మీద కూడా చుక్క పెడతాను, నాదని."

వెళ్ళాను. మేడ మెట్లు ఎక్కుతూ మొదటి మాట అనుకున్నాను. తలుపు తీసేసరికి అది పోయింది. రెండోది వచ్చింది.

"బావా, నీ కళ్ళు కాదు. లెన్సు."

"కూర్చో" అన్నాడు.

కూర్చుని చెప్పాను. వెనకా ముందూ అయింది, అయినా మొత్తం చెప్పాను. ఆదివారం ఆయన నిద్రపోతుండగా చేసిన పని, ముసలమ్మ ముక్కు మచ్చ, చుక్క ఎందుకు పెట్టానో, నాది అని ఎందుకు అన్నానో. ఇంతసేపు ఒక్కణ్ణే మాట్లాడటం నాకు గుర్తున్నంతలో ఇదే మొదలు. బావ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అదీ ఇదే మొదలు.

చివరికి, "నన్ను ఓదార్చడానికి చెబుతున్నావు" అన్నాడు.

"నాకు ఓదార్చడం వచ్చా?"

"రాదు" అన్నాడు. చెప్పులు వేసుకున్నాడు.

కోడలికి కబురు పెట్టాం. మళ్ళీ బొమ్మ అంటించాం, దీపాలు వేశాం, తీగ కలిపాం. బావ తన కెమెరా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, డాక్టరు గదిలో కూర్చున్నట్టు. చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

"పెద్దమావయ్యగారూ, మీరు దీన్ని ముట్టుకోను కూడా లేదు. చూడండి, తేడా చూపిస్తోంది. ఇందులో మీ కళ్ళకి పనే లేదు."

బావ తెర మీది గుట్టను చాలాసేపు చూశాడు. "అయితే చెడిపోయింది ఈ ఎర్రచుక్క లెన్సేనా?"

"చెడిపోలేదండీ." ఎర్రచుక్క లెన్సు తీసి నా కెమెరాకు పెట్టి కొలిచింది. అక్కడ తేడా ఎనిమిది కాదు, మూడే. "చూశారా. మీ కెమెరాకి ఒక అలవాటు ఉంది, ఈ లెన్సుకి ఒక అలవాటు ఉంది. రెండూ ఒకే వైపు లాగుతాయి. ఆ రెండో లెన్సు ఎదురు వైపు లాగుతుంది కాబట్టి దానితో మీ కెమెరాకి సరిపోయేది. వీటిలో తప్పు దేనిదీ కాదు. ఏది దేనితో ఉందో తెలిస్తే చాలు."

"తెలియాలంటే గుర్తు ఉండాల్సిందేనా?"

కోడలు నా వైపు చూసింది. నేను బావ వైపు చూశాను.

బావ లేచి బీరువా దగ్గరికి వెళ్ళాడు. తలుపు తీసి లోపలి బల్బునూ, అరల్నీ చూశాడు. పై అరను బయటికి లాగి కింద పెట్టాడు. లెన్సు బిగించి ఉన్న కెమెరాను అలాగే లోపల పెట్టి చూశాడు. పట్టింది.

"రోజూ సాయంత్రం విప్పుతున్నది ఎందుకు?" అన్నాడు.

"మొదట్నుంచీ విప్పుతున్నాం కదా" అన్నాను.

"అరలు ఇరుకని విప్పాం. విప్పకపోతే? ఏ కెమెరాకి ఏ లెన్సు ఉందో దానితోనే ఉంటుంది. ఎవరు ఏది తీసుకున్నా ఫరవాలేదు. గుర్తుతో పనేముంది?"

కోడలు చేతులు నడుం మీద పెట్టుకుని మా ఇద్దర్నీ చూసింది. "ఇది నాకు తట్టలేదు" అంది.

బావ దూదికి స్పిరిట్ అద్దుకుని ఎర్రచుక్కను తుడిచేశాడు. చాలాసేపు తుడిచాడు, అది పోయాక కూడా. ఆ లెన్సును ఆయన కెమెరాకే బిగించాం, రెండోది నా దానికి. రెండు జతల్నీ కొలిచి అంకెలు పెట్టేశాం. ఇక విప్పం.

అన్నీ భద్రపరచబోతుంటే సాఫ్ట్‌వేర్ ఒక గడి తెరిచింది. యజమాని పేరు రాయమంది. "ఎవరి పేరు పెట్టను?" అంది కోడలు.

"మా బావది పెట్టు" అన్నాం, ఇద్దరం ఒకేసారి. ముందు నా పేరు పెట్టించాడు ఆయన. కొట్టేయించి ఆయనది పెట్టించాను. రెండూ కలిపి రాస్తే గడిలో పట్టలేదు, నా పేరు సగంలో తెగింది. "అందులోనూ నీ మాట సగమే" అన్నాడు బావ. చివరికి ఖాళీగా వదిలేసింది.

ఇంటికి వచ్చాక మా ఆవిడ నా ముఖం చూసి ఏమీ అడగకుండా అన్నం పెట్టింది.

జూన్ 20

బేకరీ ఆవిడ మళ్ళీ వచ్చింది, అమ్మతో, పిల్లతో. నేను దీపాలు సర్దాను. బావ అలవాటు కొద్దీ చెయ్యి చాపి, తగిలిన కెమెరా తీసుకున్నాడు. పట్టీ కురచగా ఉందని మెడలో వేసుకున్నాక చూసుకున్నాడు. అది నేను రోజూ వాడే కెమెరా. "ఏదైతే ఏం" అని దానితోనే తీశాడు. పిల్ల నవ్వింది. ముసలమ్మ ముందే నవ్వింది.

తెర మీద ముసలమ్మ కనురెప్పల వెంట్రుకలు తెల్లగా, ఒక్కొక్కటి విడివిడిగా. ఆ కంటిలో నా దీపం. దాని పక్కన కుందేలును పట్టుకుని వంగి నిలబడిన బావ, గోరంత.

బావ చూసి, "నేను ఇంత లావుగా ఉన్నానా" అన్నాడు.

బేకరీ ఆవిడ, "నెలాఖరు నుంచి రానన్నారుగా బాబూ?" అని అడిగింది.

"ఏ నెలాఖరన్నానో గుర్తులేదమ్మా" అన్నాడు. "మా బావను అడగండి, ఆయన మాట మీద నిలబడే మనిషి. ఆయన దగ్గర మాటలే తక్కువ కాబట్టి నిలబడటం తేలిక."

టీ ఇద్దరం కలిసి తాగాం. పొట్టి పీట మీద నేను కూర్చున్నాను.

జూన్ 22

సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళకు ఉత్తరం రాయాలని ఉంది. కోడలు వాళ్ళ భాషలోకి మార్చి పంపుతానంది. ముందు ఇక్కడ రాసి చూస్తున్నాను.

అయ్యా, మీ సాఫ్ట్‌వేర్ బాగా పనిచేసింది. మా బావ కళ్ళు బాగున్నాయని అది చెప్పింది, నేను చెబితే నమ్మలేదు. మీకు ఒక్క మనవి. యజమాని పేరు రాసే గడిలో ఒక్క పేరే పడుతోంది. ఇక్కడ మేమిద్దరం ఉన్నాం. ఎవరి పేరు పెడితే ఆ మనిషే ఒప్పుకోవడం లేదు. గడిని కాస్త పొడుగు చేయండి. రెండు పేర్లు పడితే చాలు, ఏది ముందైనా ఫరవాలేదు. అంతవరకూ అది ఖాళీగానే ఉంటుంది. మీ జవాబు నెలాఖరు దాటి వచ్చినా ఇద్దరం ఇక్కడే ఉంటాం. అయినా త్వరగా రాయండి.